హైస్కూల్ పిల్లల్లో డిప్రెషన్: రిస్కు మార్కులు కూడితే పట్టుబడుతుందా?

బడిగంట
హైస్కూల్ క్లాస్ టీచర్ల కోసం ఒక ఫారం తయారుచేస్తున్నాం. డిప్రెషన్ వచ్చే అవకాశం ఉన్న పిల్లల్ని ముందే గుర్తించాలని. 22 రిస్క్ ఫ్యాక్టర్లు రాశాం: ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉందా, అమ్మానాన్నలు విడిపోయారా, మార్కులు పడిపోయాయా, ఫోన్ ఎక్కువ చూస్తారా, స్నేహితులు తక్కువా, లావుగా ఉన్నారా, నిద్ర సరిగ్గా లేదా... ఇలా. ఒక్కోదానికి ఒక మార్కు. 8 దాటితే ఇంటికి కబురు పెట్టి కౌన్సెలర్ దగ్గరికి పంపడం. కమిటీలో సగం మంది బాగుందంటున్నారు, సగం మంది నసుగుతున్నారు. ఎందుకు నసుగుతున్నారో మాత్రం చెప్పరు. ఇందులో తప్పేంటో ఇక్కడైనా ఎవరైనా సూటిగా చెప్పండి. ఏవి తీసెయ్యాలి, ఏవి కలపాలి?

మూడో_బెంచీ
22 ప్రశ్నలు, 8 పాస్ మార్కు. దిగులుగా ఉండటానికి కూడా పరీక్ష రాయాలన్నమాట.

లెక్కల_పిచ్చి
నసిగేవాళ్ల తరఫున నేను చెప్తా. మీ ఫారం పక్కన పెట్టండి, బాగా పరీక్షకు నిలిచిన ఫారమే తీసుకుందాం. పీహెచ్‌క్యూ-9 ఉంది. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 13-17 ఏళ్ల పిల్లల మీద చేసి 2010లో అచ్చయిన పరిశీలన ప్రకారం, 11 దగ్గర గీత గీస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లలో 89.5 శాతం మంది పట్టుబడ్డారు. లేనివాళ్లలో 77.5 శాతం మందిని అది సరిగ్గానే వదిలేసింది.

వినడానికి బ్రహ్మాండం. ఇప్పుడు దీన్నే వెయ్యి మంది ఉన్న బడికి పట్టుకెళ్లండి. 50 మందికి నిజంగా జబ్బు ఉందనుకుందాం. వాళ్లలో 45 మంది దొరుకుతారు. మిగతా 950 మందిలో ఏ జబ్బూ లేని 214 మంది కూడా గీత దాటేస్తారు. మీ చేతిలో 259 పేర్లు, అసలైనవి 45. ఇంచుమించు ఆరుగురిని పిలిస్తే ఒకరు.

"గత రెండు వారాల్లో దిగులుగా ఉన్నావా" అని లక్షణాన్నే నేరుగా అడిగే ఫారం పరిస్థితి ఇది. మీరు లక్షణం అడగడం మానేసి విడాకులూ లావూ అడుగుతున్నారు. అమ్మానాన్నలు విడిపోయిన పిల్లల్లో ఎక్కువమందికి డిప్రెషన్ రాదు. డిప్రెషన్ వచ్చినవాళ్లలో చాలామంది అమ్మానాన్నలు కలిసే ఉంటారు. రిస్కు రెట్టింపు అన్నా, 5 శాతం 10 శాతం అయిందనే కదా. 90 మంది బాగానే ఉన్నట్టు.

బడిగంట
అయితే స్క్రీనింగే దండగంటారా?

లెక్కల_పిచ్చి
అనలేదు. ఆ 259 మందిని ఏం చేస్తారో ముందు తేల్చుకోండి అంటున్నా. ఒక్కొక్కరితో 20 నిమిషాలు మాట్లాడినా 86 గంటలు. కౌన్సెలర్ ఒక్కరే ఉండి రోజుకు 4 గంటలు ఇవ్వగలిగితే 22 పనిదినాలు. జాబితాలో చివర ఉన్న పిల్ల నెలరోజులు ఎదురుచూడాలి. ఆ పిల్లే అసలైన 45 మందిలో ఒకరైతే?

కిటికీ_పక్క
లెక్కల_పిచ్చి చెప్పింది ఒక తప్పు. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. మీ జాబితాలో మూడు రకాలు కలగాపులగం అయిపోయాయి.

ఒకటి, చాన్నాళ్లుగా ఉన్నవి: దగ్గరి రక్తసంబంధీకుల్లో డిప్రెషన్, చిన్నప్పుడు పడ్డ హింస లేదా నిర్లక్ష్యం, ఎప్పటినుంచో ఉన్న ఆందోళన జబ్బు, ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురులేనితనం), చదవడంలో ఇబ్బంది, ఉబ్బసం మధుమేహం లాంటి దీర్ఘకాలిక జబ్బులు. వీటిలో ఆందోళనని తక్కువగా చూడకండి. చాలామందిలో ముందు ఆందోళన వస్తుంది, డిప్రెషన్ ఆ వెనక వస్తుంది.

రెండు, ఈమధ్య జరిగినవి: దగ్గరివాళ్లు చనిపోవడం, ప్రేమ బెడిసికొట్టడం, ప్రాణస్నేహితులతో తెగిపోవడం, బడి మారడం, అందరి ముందు పరువు పోయిన సంఘటన.

మూడు, అసలు రిస్కులే కావు, జబ్బు లక్షణాలు. మార్కులు పడిపోవడం, స్నేహితులకు దూరం కావడం, నిద్ర చెడటం చాలాసార్లు ఈ కోవలోకే వస్తాయి. ఇల్లు కాలుతుంటే పొగని చూసి "నిప్పంటుకునే ప్రమాదం: ఒక మార్కు" అని రాసుకున్నట్టుంది మీ ఫారం.

మొదటి రకంలో ఆరు మార్కులు వచ్చి హాయిగా ఉన్న పిల్లాడు, మూడో రకంలో మూడే మార్కులు వచ్చి మంచం దిగని పిల్ల. మీ గీత ప్రకారం ఇద్దరూ 8 లోపే. ఎవరి గురించి ఈ వారమే కదలాలో ఆ మొత్తం మీకు చెప్పదు.

వేపపుల్ల
అంతా బాగుంది కానీ టీచరుకి ఇన్ని తేడాలు ఎక్కడ తెలుస్తాయి? క్లాసులో 40 మంది.

కిటికీ_పక్క
తెలియక్కర్లేదు. టీచరుకి డాక్టరుకన్నా బాగా తెలిసేది ఒక్కటుంది, మార్పు. రోజూ చూస్తారు కాబట్టి. "మార్కులు తక్కువ" అన్నది పనికిరాని సమాచారం. "గత పరీక్షకీ దీనికీ మధ్య నాలుగు సబ్జెక్టుల్లోనూ పడింది, హోంవర్క్ ఇవ్వడం ఆగింది, మొదటి పీరియడ్‌కి వారంలో మూడుసార్లు ఆలస్యం" అన్నది బంగారం లాంటి సమాచారం. మామూలుగా మాట్లాడని పిల్లాడు మాట్లాడకపోతే అది వాడి స్వభావం. వాగుడుకాయ నోరు మూసుకుంటే అది కబురు.

మానసిక జబ్బుల నిర్ధారణకి వైద్యులు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం డిప్రెషన్ అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5, రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు ఉండాలి. ఆ ఐదులో దిగులో, ఆసక్తి పోవడమో ఒకటి తప్పనిసరి. ఈ వయసువాళ్లలో దిగులు బదులు చిరాకు ఉన్నా లెక్కలోకి వస్తుంది. ఏడ్చేవాళ్లనే వెతికితే కసురుకునేవాళ్లు తప్పిపోతారు.

వేపపుల్ల
చిరాకు లేని తొమ్మిదో తరగతి ఎక్కడుంది? ఆ లెక్కన క్లాసు మొత్తానికి జబ్బే.

కిటికీ_పక్క
చిరాకు ఎక్కడెక్కడ ఉందో చూడండి. ఇంట్లో చిటపటలాడి బయట స్నేహితులతో పకపకా నవ్వుతుంటే వయసు అనుకోవచ్చు. ప్రాణంగా ఆడే ఆటకి రమ్మన్నా "నువ్వు వెళ్లు" అంటూ, ఇష్టమైనవాళ్ల మీద కూడా విరుచుకుపడుతూ, రెండు వారాలు దాటితే వయసు ఖాతాలో రాయకండి. నవ్వు ముసుగు వేసుకునేవాళ్లూ ఉంటారు, అందుకే ఒక్క గుర్తు మీద తేల్చకూడదు.

ఆవులింత
నిద్రని మూడో రకంలో పడేశారు, నాకు అభ్యంతరం. అది రెండు వైపులా పదునున్న కత్తి. డిప్రెషన్ నిద్రని చెడగొడుతుంది నిజమే. కానీ ముందు నిద్ర చెడి, తర్వాత డిప్రెషన్ వచ్చినట్టు ఏళ్ల తరబడి వెంబడించిన పరిశీలనల్లో మళ్లీ మళ్లీ తేలింది.

యుక్తవయసులో మెలటోనిన్ (నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే హార్మోన్) విడుదల ఆలస్యమవుతుంది. శరీర గడియారం రెండు గంటల దాకా వెనక్కి జరుగుతుంది. రాత్రి 11 దాకా నిద్ర రాకపోవడం పొగరు కాదు, ఒంటి తీరు. 13-18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి. 11కి పడుకుని 5:30కి లేస్తే ఆరున్నరే. వారంలో ఐదు రోజులు, 8 గంటలతో పోల్చినా ఏడున్నర గంటల అప్పు. అది తీర్చడానికి సెలవురోజు మధ్యాహ్నం 12 దాకా పడుకుంటారు, ఆ రాత్రి ఒంటిగంట దాకా నిద్ర రాదు, మర్నాడు మళ్లీ మొదటికి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది ఇందుకే.

మీ ఫారంలో "నిద్ర సరిగ్గా లేదా?" తీసేసి నాలుగు అంకెలు అడగండి: బడి రోజు పడుకునే వేళ, లేచే వేళ, సెలవురోజు పడుకునే వేళ, లేచే వేళ. రెండు రకాల రోజుల మధ్య లేచే వేళలో రెండు గంటలకు మించి తేడా ఉంటే నిద్ర అప్పు ఉందని అనుకోవచ్చు.

మూడో_బెంచీ
ఆవులింత గారు నిద్ర గురించి ఇంత చురుగ్గా రాయడం ఈ చర్చకే హైలైట్.

వేపపుల్ల
11 దాకా నిద్ర రాకపోవడం ఒంటి తీరట! చేతిలో ఫోన్ తీసేయండి, 9:30కే గురక పెడతారు. అసలు కారణం పక్కనే పెట్టుకుని మెలటోనిన్ దాకా ఎందుకు? నన్నడిగితే 22లో ఫోన్‌కి ఒక మార్కు కాదు, 10 ఇవ్వాలి.

పేజీ_తిప్పు
10 మార్కులకి ఆధారం లేదు. 2019లో పరిశోధకులు ఓర్బెన్, ష్‌బిల్స్కీ లక్షల మంది యువత సమాచారం తిరగేశారు. పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది గరిష్ఠంగా 0.4 శాతం. అదే సమాచారంలో కళ్లజోడు పెట్టుకోవడానికి అంతకన్నా ఎక్కువ ముడి కనిపించింది. బంగాళాదుంపలు తినడానికి దాదాపు అంతే. కళ్లజోడుకీ 10 మార్కులు వేద్దామా?

వేపపుల్ల
మరి అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య ప్రతినిధి) 2023లో రోజుకి 3 గంటలు మించి సోషల్ మీడియా చూసేవాళ్లకి డిప్రెషన్, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపు అన్నాడు కదా? ఆయనా బంగాళాదుంపల మీదే చెప్పాడా?

లెక్కల_పిచ్చి
ఇద్దరూ చెప్పినవి ఒకదాన్నొకటి కొట్టేయవు. 0.4 శాతం అనేది అందరినీ కలిపి తీసిన సగటు. అందులో స్నేహితుడితో బొమ్మలు పంచుకునేవాడూ ఉన్నాడు, రాత్రి 2 గంటలకు తనని తిట్టిన వ్యాఖ్యలు చదువుకుంటున్న పిల్లా ఉంది. రెట్టింపు అనేది బాగా ఎక్కువ వాడే కొసని చూసి చెప్పింది. పైగా రెండూ గమనించి చెప్పినవే, ప్రయోగాలు కావు. దిగులుగా ఉన్నవాళ్లే ఫోన్‌లోకి దూరుతారా, ఫోన్ వల్ల దిగులా అన్నది వీటితో పూర్తిగా తేలదు.

ఆవులింత
అందుకే గంటలు అడగొద్దు. ఫోన్ దేన్ని తినేస్తోందో అడగండి. మూడే ప్రశ్నలు: ఫోన్ రాత్రి ఏ గదిలో ఉంటుంది? దానివల్ల ఈ వారం ఏ పని ఆగింది (నిద్ర, ఆట, మనుషులతో మాట్లాడటం)? చూశాక మనసు ఎలా ఉంటుంది? వేపపుల్ల గారి మాటలో సగం నిజం ఉంది. ఛార్జర్ పడకగది బయట పెడితే చాలామందికి నిద్ర మెరుగవుతుంది. అయితే ఇంట్లో అందరి ఛార్జర్లూ బయట ఉండాలి. నాన్న ఫోన్ దిండు కింద పెట్టుకుని పిల్లాడికి నీతులు చెప్తే నడవదు.

వేపపుల్ల
సగం ఒప్పుకున్నారు, చాలు.

నీలిసిరా
ఫోన్ మీద ఇంత కొట్టుకున్నారు, మొదటి పోస్టు మళ్లీ ఒకసారి చూడండి. రాసినవాటిలో ఏడిపించడం అన్నది కనపడలేదు. బడిగంట గారూ, 22లో ఎక్కడైనా ఉందా? బడి చేతిలో పూర్తిగా ఉన్న రిస్కు అదే కదా.

బ్రిటన్‌లో పుట్టినప్పటినుంచీ పిల్లల్ని వెంబడించిన పెద్ద పరిశీలన ఉంది, 2015లో అచ్చయింది. 13 ఏళ్లప్పుడు తోటివాళ్ల చేతిలో తరచూ వేధింపు పడ్డవాళ్లలో 14.8 శాతం మందికి 18 ఏళ్లకు డిప్రెషన్ ఉంది. అసలు పడనివాళ్లలో 5.5 శాతం. ఇంటి పరిస్థితులు, ముందునుంచీ ఉన్న మానసిక ఇబ్బందులు లెక్కలోంచి తీసేశాక కూడా రెట్టింపుకు పైనే మిగిలింది.

బడిగంట
లేదు. క్రమశిక్షణ కమిటీ చూసుకుంటుందని వదిలేశాం. ఇప్పుడు రాస్తుంటేనే సిగ్గుగా ఉంది. ఎలా అడగాలి?

నీలిసిరా
"నిన్ను ఎవరైనా వేధిస్తున్నారా?" అని అడిగితే లేదనే అంటారు. ఆ మాట ఒప్పుకుంటే తాము అలుసైనవాళ్లమని ఒప్పుకున్నట్టు. పనుల్ని అడగండి. గత రెండు నెలల్లో ఎన్నిసార్లు: వెక్కిరింపు పేర్లతో పిలిచారు, కావాలని గుంపులోంచి వెలివేశారు, నెట్టారు, వస్తువులు దాచారు, ఫొటోలో మెసేజో తిప్పారు. నెలకు రెండు మూడు సార్లు, ఆపైన అంటే తరచూ అన్నట్టే.

ఇంకోటి, బడి పటం ఇచ్చి "నీకు వెళ్లాలనిపించని చోటు మీద గుర్తు పెట్టు" అనండి. పేరు రాయక్కర్లేదు. 200 మంది పెట్టిన గుర్తులు మెట్ల కిందో, టాయిలెట్ల దగ్గరో గుట్టపడతాయి. ఇంటర్వెల్‌లో అక్కడ ఒక పెద్దమనిషిని నిలబెట్టడం ఏ కౌన్సెలింగ్‌కన్నా ముందు చేయగలిగిన పని.

మీరు రాసిన "లావు" కూడా ఇక్కడికే రావాలి. బరువుకన్నా బరువు మీద వేసే జోకులే చాలాసార్లు గుచ్చుకుంటాయి. ఆ జోకులేసేవాళ్లలో పెద్దలూ ఉంటారు. వ్యాయామం టీచర్లు చదువుతుంటే ఏమనుకోవద్దు.

పేజీ_తిప్పు
బడి చేతిలో ఉన్న మరో రెండు.

చదువు ఒత్తిడి. 2023లో వచ్చిన ఒక సమీక్షలో 52 పరిశీలనలు చూస్తే 48లో ఒత్తిడికీ ఏదో ఒక మానసిక ఇబ్బందికీ ముడి కనిపించింది. అయితే 'ఒత్తిడి' అని ఒక్క మాటలో అడిగితే అందరూ అవుననే అంటారు. గుచ్చి అడగాల్సింది: "మార్కులు తగ్గితే ఇంట్లోవాళ్లకి నామీద ప్రేమ తగ్గుతుందనిపిస్తుందా?" తనకి తాను పెట్టుకున్న పెద్ద లక్ష్యం వేరు, ఎదుటివాళ్లు నానుంచి తప్పులేనితనమే కోరుతున్నారన్న నమ్మకం వేరు. డిప్రెషన్‌తో గట్టిగా ముడిపడింది రెండోది.

బాగా చదివేవాళ్లందర్నీ ఒక సెక్షన్‌లో వేయడం కూడా చూసుకోండి. పాత క్లాసులో మొదటివాడు ఇక్కడ ఇరవయ్యోవాడవుతాడు. తెలివి తగ్గలేదు, పోలిక మారింది. తన చదువు మీద తనకున్న అంచనా మాత్రం పడిపోతుంది. విద్యా మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి దీన్ని చాలా దేశాల్లో చూపించాడు.

లెక్కల_పిచ్చి
దానికి తోకగా ఒకటి. పుట్టిన నెల. బ్రిటన్ వైద్య రికార్డుల మీద 2019లో వచ్చిన పరిశీలనలో క్లాసులో అందరికన్నా చిన్నవాళ్ల పావు వంతుకి, పెద్దవాళ్ల పావు వంతుతో పోలిస్తే డిప్రెషన్ నమోదు 30 శాతం ఎక్కువ. ఒకే క్లాసులో 11 నెలల తేడా ఉండొచ్చు కదా, దాన్ని తెలివితక్కువ కింద జమకట్టేస్తాం. ఫారంలో పెట్టమనట్లేదు. కానీ పుట్టిన తేదీలు ఆఫీసు రిజిస్టర్‌లోనే ఉన్నాయి, టీచరు ఓసారి చూసుకుంటే పోయేదేం లేదు.

మూడో_బెంచీ
ఇన్నాళ్లకి నా ర్యాంకుకి శాస్త్రీయ కారణం దొరికింది.

వేపపుల్ల
ఎంత చెప్పినా జన్యువులే కదా అసలు. ఇంట్లో ఉంటే వస్తుంది. రక్తపరీక్ష చేయిస్తే తేలిపోదా?

కిటికీ_పక్క
తేలదు. కవలల పరిశీలనల ప్రకారం డిప్రెషన్‌లో వంశపారంపర్యం వాటా 37 శాతం దగ్గర. మిగతాదంతా బతుకులోంచి వచ్చేదే. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు, అది నిజం. కానీ పరీక్ష చేయదగ్గ ఒకే ఒక్క జన్యువు లేదు. మెదడులో మనఃస్థితితో ముడిపడ్డ రసాయనం సెరొటోనిన్, దాని రవాణా జన్యువు గురించి 2003లో పెద్ద హడావిడి జరిగింది. 2019లో లక్షల మంది మీద మళ్లీ చూస్తే అలాంటి పేరుమోసిన జన్యువులేవీ నిలబడలేదు.

ఆ 'ఇంట్లో ఉంటే' అన్న చోటే చేయగలిగింది కూడా ఉంది. డిప్రెషన్ ఉన్న తల్లులకి వైద్యం చేస్తూ పిల్లల్ని కూడా చూసిన పరిశీలన 2006లో వచ్చింది. మూడు నెలల్లో తల్లి కోలుకున్న ఇళ్లలో పిల్లల మానసిక జబ్బుల నిర్ధారణలు 11 శాతం తగ్గాయి, కోలుకోని ఇళ్లలో 8 శాతం పెరిగాయి. పిల్లవాణ్ని కౌన్సెలర్ దగ్గరికి పంపుతూ ఇంట్లో మంచం పట్టిన తల్లిని ఎవరూ పలకరించకపోతే సగం పనే చేసినట్టు.

అయితే ఈ ప్రశ్న టీచరు ఫారంలో ఉండటానికి వీల్లేదు. స్టాఫ్‌రూమ్ బల్ల మీద పడి ఉండే కాగితంలో "తల్లికి డిప్రెషన్" అని రాసి పెడతారా? అది కౌన్సెలరో డాక్టరో, తలుపేసుకుని, ఇంట్లోవాళ్లనే అడగాల్సింది. విడాకులూ అంతే. విడిపోవడంకన్నా పిల్లల ముందు సాగే పోట్లాటే ఎక్కువ దెబ్బతీస్తుంది. కలిసుండి రోజూ కొట్టుకునే ఇల్లు మీ ఫారంలో సున్నా మార్కులతో బయటపడుతుంది.

నీలిసిరా
ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. చిన్నతనంలో ఆడా మగా ఇంచుమించు సమానం. యుక్తవయసు మొదలయ్యాక ఆడపిల్లల్లో రెట్టింపు అవుతుంది. 2021లో అమెరికా హైస్కూళ్ల సర్వేలో, రెండు వారాలపాటు మామూలు పనులు ఆగిపోయేంత దిగులు పడ్డామన్నవాళ్లు ఆడపిల్లల్లో 57 శాతం, మగపిల్లల్లో 29. (అది డిప్రెషన్ నిర్ధారణ కాదు, ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు. లెక్కల_పిచ్చి కర్ర పట్టుకోకముందే చెప్తున్నా.) తోటివాళ్లకన్నా ముందే రజస్వల అయిన పిల్లలకి ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఒళ్లు పెద్దదైంది, మనసు ఇంకా ఆరో తరగతిలోనే ఉంది, చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఒంటిని చూసే మాట్లాడతారు.

ఒక చిక్కు. "స్నేహితులు తక్కువా?" అని అడిగారు. ఇద్దరు ప్రాణస్నేహితురాళ్లు గంటల తరబడి ఒకే బాధని తిరగేసి మరగేసి మాట్లాడుకుంటే స్నేహం చిక్కబడుతుంది, దిగులూ చిక్కబడుతుంది. మనస్తత్వ పరిశోధకురాలు అమాండా రోజ్ 2002లో దీన్ని చూపించింది. మీ ఫారంలో ఆ పిల్లలకి సున్నా. స్నేహితుల సంఖ్య అడగొద్దు, "కష్టం చెప్పుకుంటే తేలికపడేలా చేసే మనిషి ఒకరైనా ఉన్నారా, ఆ మనిషి పెద్దవాళ్లలో ఉన్నారా" అని అడగండి.

వేపపుల్ల
29 శాతం మగపిల్లలు అంటే చెప్పినవాళ్లు. చెప్పనివాళ్ల మాటేంటి?

నీలిసిరా
ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. మగపిల్లల్లో అది గొడవలుగా, బండి వేగంగా, సిగరెట్టుగా, "కడుపులో నొప్పి, ఇంటికెళ్తా" అనే చీటీగా బయటికొస్తుంది. వాళ్లని హెడ్మాస్టర్ గది బయట నిలబెడతాం, కౌన్సెలర్ గది బయట కాదు. లింగం, ఆకర్షణ విషయంలో తాము వేరని దాచుకుని తిరిగే పిల్లలకి ముప్పు ఇంకా ఎక్కువ. వాళ్లని కూడా ఫారంలో అడగకండి. పొరపాటున కాగితం బయటపడితే ఆ కాగితమే రిస్కు.

మందుల_డబ్బా
ఒంటి కారణాలు మర్చిపోయారు. దిగులు, నీరసం, మగతతో వచ్చిన పిల్లలకి కౌన్సెలింగ్ మొదలుపెట్టడంతో పాటే డాక్టర్ చూడాల్సినవి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష; థైరాయిడ్ మందగిస్తే అచ్చం డిప్రెషన్ లాగే ఉంటుంది), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), అవసరాన్ని బట్టి బీ12. వాడుతున్న మందుల చీటీ కూడా. ఉబ్బసానికీ అలర్జీకీ ఇచ్చే మాంటెలుకాస్ట్ మీద మానసిక మార్పుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించింది. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్, మూర్ఛకి వాడే లెవెటిరాసెటం, నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్లు కూడా చూసుకోవాల్సినవే. ఇది చదివి ఎవరూ మందు ఆపేయకండి. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయి. "ఈ మందు మొదలెట్టాకే మార్పు వచ్చిందా?" అని రాసిచ్చిన డాక్టర్‌నే అడగాలి. గంజాయి వాడకం కూడా అడగండి, శిక్ష భయం లేకుండా అడిగితేనే జవాబొస్తుంది.

బడిగంట
ఇంతవరకూ అడగడానికి జంకిన ప్రశ్న. పీహెచ్‌క్యూ-9లో చివరిది చనిపోవాలనిపించడం గురించి. కమిటీలో ఒకరు "లేని ఆలోచన మనమే పుట్టిస్తాం, ఆ ప్రశ్న కొట్టేద్దాం" అంటున్నారు.

కిటికీ_పక్క
కొట్టేయకండి. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూల్ విద్యార్థుల మీద సరిగ్గా ఇదే పరీక్షించారు. సగం మందిని అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధగానీ ఆ ఆలోచనలుగానీ పెరగలేదు. ముందే డిప్రెషన్ ఉన్నవాళ్లకి, ఇదివరకు ప్రయత్నం చేసినవాళ్లకి అడగడం కాస్త ఊరటగానే ఉన్నట్టు కనిపించింది.

అడిగే తీరులోనే ఉంది. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవుగా?" అంటే జవాబు మీరే చెప్పేసినట్టు. "ఇంత బాధలో ఉన్నప్పుడు కొందరికి చనిపోవాలనిపిస్తుంది. నీకు అనిపించిందా?" అనండి. అవునంటే వరసగా: ఈమధ్యేనా? ఎలా అన్నది ఆలోచించావా? ఎప్పుడన్నది అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? పాత ప్రయత్నం ఉంటే మిగతా జవాబులు ఎంత మెత్తగా ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. పథకం ఉంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకూడదు, టాయిలెట్‌కి కూడా. ఇంట్లోవాళ్లు వచ్చి తీసుకెళ్లాలి, అదేరోజు డాక్టర్ చూడాలి, ఇంట్లో మందులూ ప్రమాదకరమైన వస్తువులూ తాళంలోకి వెళ్లాలి. "ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే ఇవ్వకండి. "ఎవరికి ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం" అనండి. హాని ఇంట్లోంచే వస్తోందని చెబితే మాత్రం ఆ ఇంటికే ఫోన్ చేయకూడదు, పిల్లల రక్షణ చూసే అధికారుల దగ్గరికి వెళ్లాలి.

వేపపుల్ల
ఈ గుర్తింపులూ పిలుపులూ లేకుండా అందరికీ కలిపి ధ్యానం క్లాసు పెడితే పోదా? ఎవరి మీదా ముద్ర పడదు.

పేజీ_తిప్పు
పెట్టి చూశారు. బ్రిటన్‌లో 85 బడుల్లో 8 వేల మందికి పైగా పిల్లల మీద. 2022లో ఫలితాలొచ్చాయి, మామూలు పాఠాలకన్నా మేలేమీ కనపడలేదు. ముందే బాధలో ఉన్న పిల్లల్ని "నీ ఆలోచనల్ని గమనించు" అని అరగంట కూర్చోబెడితే ఆ బాధనే గమనిస్తూ కూర్చుంటారు. అలాగని అందరికీ చెప్పేవన్నీ దండగ కాదు. 10 ఐరోపా దేశాల్లో 168 బడుల్లో, 11 వేల మందితో చేసి 2015లో అచ్చయిన ప్రయోగంలో, పిల్లలే సన్నివేశాలు నటిస్తూ చర్చించుకునే పద్ధతికి ఏడాది తర్వాత ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి పైగా తగ్గాయి. అదే ప్రయోగంలో టీచర్లకి మాత్రమే గుర్తించడం నేర్పిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బడిగంట గారి కమిటీ ఈ చివరి వాక్యం రెండుసార్లు చదవాలి.

బడిగంట
చదివాం, రెండుసార్లే. ఇప్పుడు ఇలా మార్చాం. టీచరు కాగితం మీద మార్కుల్లేవు, ఐదు గళ్లు మాత్రమే: హాజరులో మార్పు, ఇచ్చే పనిలో మార్పు, స్నేహితుల్లో మార్పు, చిరాకు/మౌనం, ఎప్పటినుంచి. పక్కన తేదీ. రెండు వారాలు దాటితే కౌన్సెలర్‌కి నోటిమాటగా, ఆ తర్వాతే కాగితం. కుటుంబం, ఆరోగ్యం, మందులు, నిద్ర అంకెలు, ఫోన్ మూడు ప్రశ్నలు కౌన్సెలర్ దగ్గర. వేధింపు ప్రశ్నలూ బడి పటమూ ఏడాదికి రెండుసార్లు అందరికీ, పేర్లు లేకుండా. పీహెచ్‌క్యూ-9 మాత్రం ఇంట్లోవాళ్ల అనుమతితో, ఒక్కోసారి ఒక్క సెక్షన్‌కే. ఒక్క సెక్షన్‌కి 10 మంది దాకా గీత దాటినా వారంలో అందరితో మాట్లాడగలం. శుక్రవారం ఆఖరి పీరియడ్ ఖాళీగా ఉంది, అప్పుడు రాయిస్తాం.

లెక్కల_పిచ్చి
40 మందిలో 10. లెక్క సరిపోయింది. కానీ శుక్రవారం ఆఖరి పీరియడ్ వద్దు!

కిటికీ_పక్క
అవును, అది వెంటనే మార్చండి. తొమ్మిదో ప్రశ్నకి ఒక పిల్ల 3 పెట్టి ఇచ్చేసి ఇంటికెళ్తుంది. మీరు సోమవారం కవరు విప్పుతారు. రాసిన గంటలోపు ఆ ఒక్క ప్రశ్నకి జవాబు 0 కానివాళ్ల కాగితాలు విడిగా తీయాలి, బడి గంట కొట్టేలోపు ఆ పిల్లలతో మాట్లాడాలి. మొత్తం 4 వచ్చినా సరే, తొమ్మిదోది 1 అయితే ఆరోజే. వారం మధ్యలో, పొద్దున్నే, కౌన్సెలర్ సెలవు పెట్టని రోజు.

బడిగంట
మంగళవారం మొదటి పీరియడ్‌కి మార్చాం. కౌన్సెలర్ ఆరోజు వేరే పనులు పెట్టుకోనన్నారు.

ఆవులింత
మొదటి పీరియడ్ కన్నా రెండోది నయం. ఆలస్యంగా వచ్చేవాళ్లే మీకు కావలసినవాళ్లు.

బడిగంట
రెండో పీరియడ్.